కింది పళ్ల సెట్టు నిలవడం లేదు... రెండు స్క్రూలు చాలా? ఆరు కావాలా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర లంక గ్రామం. మా అమ్మకు 68 ఏళ్లు. పళ్లన్నీ పోయి పదకొండేళ్లయింది. పై సెట్టు బాగానే ఉంది. కింది సెట్టు మాట్లాడినా లేస్తోంది, పౌడరు వేసినా గంట నిలవదు. అన్నం మెత్తగా పిసికి మింగేస్తోంది. పన్నెండేళ్లుగా షుగరు, మొన్న హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. ఆస్పిరిన్ 75, ఎముకల బలానికి వారానికొక మాత్ర వాడుతోంది. ఒక డాక్టరు కింద రెండు స్క్రూలు వేసి సెట్టును వాటికి తగిలిస్తే చాలన్నారు. ఇంకొకరు ఆరు స్క్రూలతో ఫిక్స్‌డ్ పళ్లే మేలన్నారు. ఏది మంచిది? వరదలు తగ్గి, దసరాకి మొదలుపెడితే సంక్రాంతికి అరిసెలు తినగలదా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: కింది దవడకు రెండు చాలు. ఈ సంక్రాంతికి మాత్రం కాదు, శివరాత్రి నాటికైతే కుదరొచ్చు. అయితే స్క్రూల సంగతి కంటే ముందు ఆ వారానికొక మాత్ర ఏమిటో తేలాలి.

మీరు దాని పేరు రాయలేదు. మన దగ్గర వారానికొకటి చొప్పున రాసేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక. అదైతే భయం లేదు. రెండోది ఆలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, లేదా రైసెడ్రోనేట్ 35. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట దాకా నడుం వాల్చొద్దని చెప్పిన మాత్ర అయితే ఈ రెండో రకమే. ఈ మందు ఎముకలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎముక కరగకుండా ఆపుతుంది, దాంతోపాటు ఎముక తనను తాను బాగుచేసుకునే పనీ నెమ్మదిస్తుంది. అరుదుగా, దవడలో పెట్టిన గాయం మానక ఎముక బయటపడుతుంది. మాత్రగా వాడేవారిలో ఈ ముప్పు చాలా తక్కువ. అది వాడుతున్నంత మాత్రాన ఇంప్లాంట్ (మీరు స్క్రూ అంటున్నది ఇదే) వేయకూడదని కాదు. కానీ నాలుగేళ్లు దాటి వాడుతుంటే, పైగా షుగరు కూడా ఉంటే, డెంటిస్టు ముందే తెలుసుకుని తీరాలి. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెండ్రోనిక్ ఆమ్లం గానీ, ఆర్నెల్లకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ గానీ ఎప్పుడైనా వేయించి ఉంటే అదీ చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. స్ట్రిప్పు పట్టుకెళ్లి చూపించండి, రాసిచ్చిన ఎముకల డాక్టరుతో డెంటిస్టునే ఒక మాట మాట్లాడమనండి.

ఇక కింది సెట్టు సంగతి. పై సెట్టుకు అంగిలంతా పీటలా ఉంటుంది, తడికి అంటుకుని గాలి పట్టు దొరుకుతుంది. కింది సెట్టు గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. మధ్యలో ఒక్క క్షణం ఊరుకోని నాలుక, చుట్టూ బుగ్గ, పెదవి కండరాలు. పళ్లు పోయాక చిగురు కింద ఉన్న ఎముక గట్టు కరుగుతూ పోతుంది. కింది దవడలో ఆ కరుగుదల పైదానికి ఇంచుమించు నాలుగు రెట్లు. వశిష్ఠ ఒడ్డు కోతకు పోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాగే ఏటా కొంచెం కొంచెంగా. గట్టు చదునయ్యాక సెట్టుకు ఆనుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు మామూలు సెట్టు ఎన్నిసార్లు కొత్తగా చేయించినా కొంతకాలం బాగుండి మళ్లీ తేలుతుంది.

రెండు ఇంప్లాంట్ల పద్ధతిలో చేసేది ఇదీ: కింద కోరపళ్లు ఉండే చోట, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, టైటానియం స్క్రూలు ఎముకలో దించుతారు. సాధారణంగా లావు 3.5 నుంచి 4.3 మిల్లీమీటర్లు, పొడవు 10 నుంచి 12. చిగురు పైకి ఒక చిన్న లోహపు బొడిపె మాత్రం కనిపిస్తుంది. సెట్టు లోపలివైపు దానికి సరిపడే గిన్నె, అందులో నైలాన్ టోపీ. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ ఎలా పడుతుందో సెట్టు అలా టక్కున పడుతుంది. తినేటప్పుడు బరువులో చాలాభాగం ఇప్పటికీ చిగురే మోస్తుంది. స్క్రూలు చేసే పని సెట్టును లేవనివ్వకపోవడం, పక్కలకు జారనివ్వకపోవడం. ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. కింది దవడలో పళ్లు అసలే లేనివారికి మొదట ఎంచుకోవాల్సింది మామూలు సెట్టు కాదు, రెండు ఇంప్లాంట్ల సెట్టేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, 2009లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో నిపుణులు సమావేశమై చెప్పారు. కింది దవడ ముందు భాగంలో ఎముక గట్టిది, అక్కడ వేసిన ఇంప్లాంట్లు నూటికి 95కి పైగా నిలుస్తాయి.

మరి ఆరు స్క్రూల ఫిక్స్‌డ్ పళ్లు? అవి చెడ్డవి కావు. రాత్రి తీసే పని ఉండదు, నమలడం ఇంకా గట్టిగా ఉంటుంది. కానీ ఖర్చు ఎన్నో రెట్లు, వెనకవైపు ఎముక తగినంత ఉండాలి, అక్కడ దవడ లోపల పోయే నరాన్ని తప్పించాలి. అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసేది శుభ్రం. బిగించిన పళ్ల కిందకి సన్నని బ్రష్షు దూర్చి రోజూ తోమాలి. షుగరున్న 68 ఏళ్ల మనిషికి చూపు, వేళ్లు ఇప్పుడు సహకరించినా పదేళ్ల తర్వాత సహకరిస్తాయా? తీసి కుళాయి కింద కడుక్కునే సెట్టయితే అమ్మగారు కాకపోయినా ఇంట్లో ఎవరైనా కడిగిపెట్టగలరు.

షుగరు విషయంలో రాజీ లేదు. 8.6 మీద స్క్రూ వేస్తే పుండు ఆలస్యంగా మానుతుంది, ఎముక పట్టు కుదరకపోవచ్చు. 7.5 దరిదాపులకు రానివ్వండి. ఈ పరీక్ష గడిచిన మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఇవాళ జాగ్రత్త మొదలుపెడితే ఫలితం కార్తీకం నాటికి గానీ కనబడదు. ఆ వ్యవధి వృథా కాదు, ఈలోపు కొత్త కింది సెట్టు చేయించాలి. అవును, ముందు సెట్టు, తర్వాత స్క్రూ. కుదరని సెట్టుకు స్క్రూలు తగిలిస్తే కుదరని సెట్టే గట్టిగా పట్టుకుని పుండ్లు చేస్తుంది. పైగా బొడిపె, గిన్నె, దానిపైన ప్లాస్టిక్, ఆపైన పన్ను, ఇవన్నీ పట్టడానికి చిగురు నుంచి 9 మిల్లీమీటర్ల ఎత్తయినా కావాలి. ఆ చోటు ఉందో లేదో సెట్టు పళ్లు ఎక్కడ కూర్చుంటాయో తెలిశాకే తేలుతుంది. చోటు చాలకపోయినా బలవంతంగా ఇరికిస్తే సెట్టు సరిగ్గా గిన్నె ఉన్న చోటే పగులుతుంది. లోపల సన్నని లోహపు జాలీ వేయమని అడగండి.

స్క్రూకు ముందు సీబీసీటీ స్కాన్ (దవడను మూడు కోణాల్లో చూపే ఎక్స్‌రే) తప్పనిసరి. మామూలు ఓపీజీ (దవడంతా ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే) ఎముక ఎత్తు చూపిస్తుంది గానీ వెడల్పు చూపించదు. ఎముక వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు ఉంటే పని సులువు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొచ్చే రంధ్రానికి 5 మిల్లీమీటర్లు ముందే స్క్రూ ఆగాలి. నాలుక వైపు ఎముక లోపలికి నొక్కుకుపోయి ఉంటే డ్రిల్లు అటు బయటపడి నాలుక కింద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇవన్నీ స్కాన్‌లోనే తెలుస్తాయి. మీ దగ్గర్లో సౌకర్యం లేకపోతే భీమవరం, రాజమహేంద్రవరంలలో డెంటల్ కాలేజీలున్నాయి. పళ్ల సెట్ల విభాగం, సర్జరీ విభాగం ఒకే కప్పు కింద ఉండటం ఇలాంటి కేసుకు కలిసొస్తుంది.

ఆపరేషన్ మత్తు ఇంజెక్షనుతోనే, గంట గంటన్నర పని. పళ్లు తీయించుకున్నంత నొప్పి కూడా ఉండదని చాలామంది అంటారు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ చల్లని సెలైన్ పోస్తుంటారు. ఎముక 47 డిగ్రీలకు వేడెక్కి ఒక నిమిషం ఉంటే చాలు, ఆ చోట చచ్చిపోతుంది, చచ్చిన ఎముకకు స్క్రూ అతుక్కోదు. ఆస్పిరిన్ 75 సాధారణంగా ఆపనక్కర్లేదు. రెండు స్క్రూల దగ్గర కారే రక్తాన్ని కుట్లతో, గాజు గుడ్డ అదిమి ఆపొచ్చు. గుండె కోసం రాసిన ఆస్పిరిన్ ఆపితే వచ్చే ముప్పు అంతకంటే పెద్దది. ఒక్క మాట: కార్తీక సోమవారం పెట్టుకోకండి. ఉపవాసంతో వచ్చి షుగరు పడిపోయి కుర్చీలో కళ్లు తిరగడం ఎవరికీ మంచిది కాదు. టిఫిను తిని, షుగరు మాత్ర వేసుకునే రావాలి.

కుట్లు ఏడు నుంచి పది రోజులకు తీస్తారు. ఆ పది రోజులూ కింది సెట్టు పెట్టుకోకూడదు. తర్వాత కూడా స్క్రూలున్న చోట సెట్టును లోపల తొలిచి, మెత్తటి లైనింగ్ వేసి ఇస్తేనే పెట్టుకోవాలి. తొలి మూడు నెలల్లో స్క్రూ ఊడటానికి పెద్ద కారణం ఇదే: తొలవని సెట్టు తిన్నప్పుడల్లా స్క్రూను కదుపుతుంది, ఎముక అతుక్కునే చోట పీచు కండ పెరుగుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం రెండో రోజు నుంచి. లంక పొగాకు చుట్ట అలవాటుంటే ఈ మూడు నెలలూ పూర్తిగా మానాలి. ఆడవాళ్ల చుట్ట గురించి ఇంట్లో ఎవరూ డాక్టరుకు చెప్పరు, అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

మూడు సూచనలు కనిపిస్తే ఆగకండి. మత్తు దిగిపోయాక కూడా, మర్నాటికి కింది పెదవీ గడ్డమూ మొద్దుబారి ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే తొలిరోజుల్లోనే వెనక్కి తిప్పాలి లేదా తీయాలి. నాలుక కింద ఉబ్బి మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే అది ఆసుపత్రి అత్యవసరం, అర్ధరాత్రయినా సరే. నాలుకతో తగిలితే స్క్రూ తిరుగుతున్నట్టుంటే అది అతుక్కోనట్టే. తీసేసి, గుంత మానాక మళ్లీ వేస్తారు. ఈ పరుగుల కోసమే వరద నెలల్లో ఆపరేషన్ వద్దంటాను. గోదారి పోటెత్తితే నరసాపురం పంటు ఆగిపోతుంది, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. మీరు దసరా దాకా ఆగుదామనుకోవడం తెలివైన పని.

మూడు నెలలు నిండాక బొడిపెలు బిగించి, సెట్టులో గిన్నెలు అతికిస్తారు. ఎక్కువమంది వాడే లొకేటర్ రకంలో నైలాన్ టోపీలు రంగుల్లో వస్తాయి: నీలం ఒక్కోటి ఇంచుమించు 700 గ్రాముల పట్టు, గులాబీ 1.3 కిలోలు, పారదర్శకం 2.2 కిలోలు. మొదట నీలంతోనే మొదలుపెట్టమనండి. గట్టిదే కావాలని పారదర్శకం వేయించుకుని, సెట్టు తీయలేక రాత్రిళ్లూ ఉంచేసుకునే పెద్దవాళ్లు ఎక్కువ. సెట్టు పెట్టేటప్పుడు బొటనవేళ్లతో నొక్కాలి, పళ్లతో కొరికి కూర్చోబెట్టకూడదు. వంకరగా పడిన ప్రతిసారీ నైలాన్ అంచు చెక్కుకుపోతుంది. తీసేటప్పుడు రెండు అంచులకీ వేళ్లు పెట్టి ఒకేసారి పైకి ఎత్తాలి.

టోపీలు అరుగుతాయి. ఆర్నెల్లకో ఏడాదికో మార్చడం మామూలు, అది పని చెడినట్టు కాదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు: స్క్రూలున్న ముందు భాగంలో ఎముక నిలుస్తుంది గానీ వెనకవైపు కరుగుతూనే ఉంటుంది. సెట్టు వెనక వేలితో నొక్కితే ముందు లేస్తోందంటే రీలైనింగ్‌కు, అంటే సెట్టు అడుగును చిగురుకు సరిపడేలా మళ్లీ నింపడానికి, సమయమైందన్నమాట. ఆలస్యం చేస్తే ఆ ఊగులాట స్క్రూల మీద పడుతుంది.

రాత్రి తీసి చన్నీళ్లలో ఉంచండి. వేడినీళ్లకు సెట్టు వంగుతుంది, బ్లీచింగ్ లాంటివి గిన్నెలను తింటాయి, పేస్టు గీతలు పెడుతుంది. చేతి సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. నోట్లో ఉన్న బొడిపెల చుట్టూ కూడా రెండు పూటలా తోమాలి, లేకపోతే చిగురు వాచి చీము పడుతుంది, ఎముక కరుగుతుంది.

పై సెట్టును కదపకండి. పై దవడ ఎముక మెత్తన, అక్కడ కనీసం నాలుగు ఇంప్లాంట్లు కావాలి, బాగున్నదానికి ఆ శ్రమ దేనికి? కాకపోతే కింద గట్టిపడ్డాక ముందుపళ్లు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా చూడమనండి, లేదంటే పైన ముందు చిగురు మెత్తబడి ఆ సెట్టూ వదులవుతుంది. అరిసెలు తినొచ్చు, ముక్కలు చేసి రెండువైపులా నమలాలి. కొబ్బరి ముక్క, పకోడీ సరే. తేగ పీచు తీసి తినాలి. చెరకు ముందుపళ్లతో చీల్చడం మాత్రం ఎప్పటికీ వద్దు.

రేటు అడిగేటప్పుడు "రెండు స్క్రూలు ఎంత" అని అడగకండి. స్కాన్, బొడిపెలు, గిన్నెలు, కొత్త సెట్టు, మొదటి ఏడాది టోపీల మార్పు అందులో ఉన్నాయో లేదో విడివిడిగా కాగితం మీద రాయించండి. ఇంప్లాంట్ డబ్బాపై కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది, దాన్ని అమ్మగారి ఫైల్లో అతికించమనండి. ఐదేళ్ల తర్వాత ఏ ఊళ్లో టోపీ మార్పించాల్సి వచ్చినా అక్కడి డాక్టరు ముందు అడిగేది అదే.