పిల్లలు చేత్తో పట్టుకుని చూసే మ్యూజియం హైదరాబాద్‌లో ఎక్కడ? ఒక్క రోజులో ఎన్ని చూపించొచ్చు?

సెలవులకి కరీంనగర్ నుంచి కూకట్‌పల్లిలో మీ తమ్ముడింటికి వస్తున్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. దూరం నుంచి చూసి రావడం కాకుండా లాగి, తిప్పి, నొక్కి చూసే మ్యూజియం కావాలన్నారు. అదే రోజు సాలార్‌జంగ్, జూ కూడా కలిపేయొచ్చా అని అడిగారు.

నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్లండి. ఆ రోజుకి సాలార్‌జంగ్, జూ రెండూ పెట్టుకోకండి. మా ఇంట్లో పిల్లల్ని, చుట్టాల పిల్లల్ని తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్నాను, ఇలాంటి చోట పిల్లలకి కావాల్సింది టైమ్.

సాలార్‌జంగ్ నాకు చాలా ఇష్టం. అక్కడి గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని, ముందే వెళ్లి కూర్చునే జనాన్ని చూడటమే ఒక సరదా. కానీ అది కళ్లతో చూసే చోటు. పొద్దుటి నుంచీ అన్నీ ముట్టుకుని ఆడిన పిల్లాడికి మధ్యాహ్నం నుంచి 'అది ముట్టుకోకు, ఇది ముట్టుకోకు' అని చెబుతూ తిరిగితే వాడికీ విసుగే, మీకూ టెన్షనే. దానికి వేరే రోజు ఉంచండి, శుక్రవారం మాత్రం సెలవు. జూ అయితే నడిచి చూడటానికే ఒక పూట పైన పడుతుంది, అది సోమవారం మూసి ఉంటుంది.

ఇక సైన్స్ మ్యూజియం. మా అక్క కొడుకు గిలకల దగ్గర ఆగిపోయాడు. ఒకే బరువుని రెండు రకాలుగా వేలాడదీసి ఉంటుంది. ఒకటి మామూలు గిలక మీదుగా, ఇంకొకటి బరువుతో పాటే పైకీ కిందికీ కదిలే గిలకతో. వాడు ఒక తాడు లాగాడు, వదిలాడు, పక్కది లాగాడు, మళ్లీ మొదటిదానికి వచ్చాడు. బావగారు "పదరా, అవతల డైనోసార్ ఉంది" అని భుజం పట్టుకున్నారు. "కాసేపు ఉండనివ్వండి బావగారూ" అన్నాను. ఇంకా రెండు మూడు సార్లు లాగి, నా వైపు తిరిగి, "పిన్నీ, ఇది తేలిగ్గానే ఉంది, కానీ ఎంత తాడు లాగినా కొంచెమే లేస్తోంది" అన్నాడు. అసలు సూత్రమంతా అదే. కదిలే గిలక ఒకటి ఉంటే బలం దాదాపు సగం చాలు, తాడు మాత్రం రెండింతలు లాగాలి. మొత్తం మీద చేసే పని తగ్గదు, దాన్ని ఎక్కువ దూరం మీద పంచుకుంటాం, అంతే. ఆ మాట నేను ముందే చెప్పి ఉంటే వాడు తలూపి వెళ్లిపోయేవాడు. తర్వాత వాడే అడిగాడు, "మరి అమ్మమ్మ వాళ్ల బావి గిలక?" అని. అది కదలని గిలక. బరువు తగ్గించదు, పైకి లాగాల్సిన దాన్ని కిందికి లాగేలా చేస్తుంది. మన ఒంటి బరువు కూడా తాడు మీద వేయొచ్చు కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది.

అందుకే నా సలహా ఒకటే. పక్కనున్న బోర్డు చదివి వినిపించడం తర్వాత పెట్టుకోండి. బటన్ నొక్కే ముందు "ఏమవుతుందనుకుంటున్నావ్?" అని అడిగి ఊరుకోండి. తప్పు చెప్పినా సరిదిద్దకండి, ఆ వస్తువే సరిదిద్దుతుంది. వెనక ఇంకో పిల్లాడు నిలబడి ఉంటే వంతు ఇప్పించండి. పక్కవాడు చేస్తుంటే చూడటంలో కూడా మన పిల్లలకి చాలా తెలుస్తుంది.

పాపకి అద్దాల దగ్గర బాగుంటుంది. లోపలికి వంగిన అద్దానికి బాగా దగ్గరగా నిలబడితే ముఖం పెద్దగా, నిటారుగా కనిపిస్తుంది. వెనక్కి నడుస్తూ పోతే ఒకచోట అంతా చెదిరిపోయి, ఆ తర్వాత తలకిందులవుతుంది. ఐదేళ్ల పిల్లకి ఎందుకో అక్కర్లేదు, ముందుకీ వెనక్కీ నడుస్తూ ఆ చోటు ఎక్కడుందో వెతుక్కోవడమే ఆట. ఇంటికొచ్చాక మెరిసే స్టీలు గరిటె ఇచ్చి చూడండి, లోపలి వైపు ముఖం తలకిందులుగా, వెనక వైపు నిటారుగా కనిపిస్తుంది.

చూడటానికి వచ్చినవాళ్లే ప్రయోగం చేయాలన్న ఆలోచనకి బాగా పేరు తెచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో తెరిచిన ఎక్స్‌ప్లొరేటోరియం. దాన్ని పెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, అణుబాంబు ప్రాజెక్టులో పేరొచ్చిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కి తమ్ముడు. ఆయన కొన్నాళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. పిల్లల చేతికి వస్తువు ఇస్తే ఏం జరుగుతుందో క్లాసులో చూసిన మనిషి కాబట్టే అలాంటి చోటు కట్టగలిగారని నా నమ్మకం.

డైనోసార్ దగ్గరికి తప్పకుండా వెళ్లండి, అది మన నేలదే. పేరు కోటసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. పొడవాటి మెడ, ఆకులు తినే జంతువు, జురాసిక్ కాలం మొదటి భాగంలో బతికింది. బాబుకి ఒక సంగతి చెప్పండి: అక్కడ దొరికినవి ఒక్క జంతువు ఎముకలు కావు, కనీసం 12 జంతువులవి. పళ్లు దొరికాయి కానీ పుర్రె దొరకలేదు. మరి తల ఎలా ఉంటుందో ఎలా ఊహించారు? మా వాడు ఈ ప్రశ్న పట్టుకుని అస్థిపంజరం చుట్టూ ఎంతసేపు తిరిగాడో.

గుండ్రటి కప్పు మీద నక్షత్రాలు, గ్రహాలు చూపించే ప్లానెటేరియం పక్కనే. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు, సైన్స్ మ్యూజియం ఆ తర్వాత 1990లో వచ్చింది. తెలుగు షో టైమ్ ఏదో గేటు దగ్గరే కనుక్కుని, దాన్నిబట్టి మిగతావి సర్దుకోండి. ఇంగ్లిష్ షోలో కూర్చోబెడితే పాప ఐదు నిమిషాలకే కదలడం మొదలుపెడుతుంది. లైట్లు తీసేస్తారని ముందే చెప్పండి, తలుపుకి దగ్గర సీట్లు పట్టుకోండి. భయపడితే మీరు బయటికి వచ్చేయొచ్చు, బాబు మామయ్యతో చూస్తాడు.

ఇలాంటి ఏ చోటైనా వందల చేతులు పడే వస్తువులు కాబట్టి ఒకటీ అరా పనిచేయకపోవచ్చు. పిల్లలు దాన్ని మనంత పట్టించుకోరు.

కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి కొండ ఎక్కాలి, ఎండాకాలం పాపతో అయితే ఆటో మాట్లాడుకోండి. పొద్దున్నే బయల్దేరండి, నీళ్లు, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. సాయంత్రానికి ఓపిక మిగిలితే ఆ పక్కనే బిర్లా మందిర్, పైనుంచి హుస్సేన్‌సాగర్ చక్కగా కనిపిస్తుంది. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో ఇచ్చేయాలి. అందుకని మళ్లీ ఎక్కడ కలుసుకోవాలో తమ్ముడితో ముందే అనుకుని లోపలికి వెళ్లండి.