పాప్ స్టార్ ఇమేజ్ ఎలా తయారవుతుంది: ఆ పని చేసినదాన్నిగా చెప్తున్నా

"పాప్ స్టార్లు బయటికి కనిపించేదంతా మ్యూజిక్ కంపెనీలు అల్లినదేనా, లేక వాళ్లు నిజంగా అలాగే ఉంటారా?" అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక డిజిటల్ ఏజెన్సీలో రెండేళ్లు పనిచేశాను. అప్పుడప్పుడే పేరొస్తున్న ఒక గాయని ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు నా చేతిలో ఉండేవి. ఆమె పేరుతో క్యాప్షన్లు, అభిమానులకు రిప్లైలు, పండగ శుభాకాంక్షలు అన్నీ నేనే రాసేదాన్ని.

మొదటి మీటింగ్‌లో ఆమెను రెండు గంటలు మాట్లాడించాం. చిన్నప్పటి సంగతులు, స్నేహితులు, భయాలు, ఇష్టమైన తిండి, అన్నీ. మధ్యలో "రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున్నే అమ్మమ్మకి ఫోన్ చేస్తాను" అంది. నిజంగానే చేసేది. మా హెడ్ ఆ మాట కింద గీత గీశారు, ఇక ఆర్నెల్ల కంటెంట్ క్యాలెండర్ అంతా దాని చుట్టూనే తిరిగింది. లంగా ఓణీ, పొడుగు జడ, అమ్మమ్మ పెట్టిన ఆవకాయ, ఊళ్లో అరుగు మీద కూర్చుని తీయించుకున్న ఫోటోలు. ఇంటర్వ్యూ ఉంటే అమ్మమ్మ గురించి అడగమని యాంకర్‌కి ముందే ప్రశ్నలు పంపేవాళ్లం. మేం పెట్టిన పోస్టుల్లో ఒక్క అబద్ధం కూడా లేదండీ. కానీ ఆ అమ్మాయికి బైక్ మీద లాంగ్ రైడ్లంటే ప్రాణం, రాత్రంతా మెటల్ మ్యూజిక్ వినేది, కోపం కూడా బాగా ఎక్కువే, అవేవీ బయటికి రానివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి ఎవరికీ చెప్పకుండా జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. ఆ రోజు ఆఫీసులో టెన్షన్ అంతా ఇంతా కాదు, ఎందుకంటే ఒక నగల యాడ్ మాటల్లో ఉంది, వాళ్లకి కావాల్సింది జడ ఉన్న అమ్మాయి. మూడు నెలలు సవరం పెట్టి ఫోటోలు తీశారు. ఒక రాత్రి నాకు ఫోన్ చేసి "అక్కా, నా పేజీలో నా ఫోటో నేను పెట్టుకోకూడదా?" అంది. పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు. ఏం చెప్పాలో తెలియక రేపు మాట్లాడదాం అని పెట్టేశాను. ఇప్పటికీ ఆ ఫోన్ గుర్తొస్తే బాధేస్తుంది.

తర్వాత అమెరికన్ పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ గురించి చదువుతుంటే నాకు ఇదంతా కళ్ల ముందు తిరిగింది. ఆమెది లూసియానాలోని కెంట్‌వుడ్ అనే చిన్న ఊరు. పదకొండేళ్లకే డిస్నీ వాళ్ల టీవీ షోలో ఉంది, పదిహేనేళ్లకి జైవ్ రికార్డ్స్ అనే మ్యూజిక్ కంపెనీ ఆమెతో కాంట్రాక్ట్ చేసుకుంది. 1998లో మొదటి పాట రిలీజ్‌కి ముందు ఆమెను అమెరికా అంతా షాపింగ్ మాల్స్‌లో తిప్పి పాడించారు, టీనేజ్ పిల్లలు దొరికేది అక్కడే కాబట్టి. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఆ మొదటి వీడియోలో స్కూల్ యూనిఫాం ఆలోచన బ్రిట్నీదే. దర్శకుడు నైజెల్ డిక్ దగ్గర వేరే కాన్సెప్ట్ ఉంటే, అది కాదు, బడిలో క్లాసు అయిపోయాక డాన్స్ చేసే పిల్లలుగా చూపిద్దాం అని ఆమే చెప్పింది. అంటే మొదలు ఆమెదే. కానీ ఆ యూనిఫాం పిల్లని పట్టుకుని కొన్నేళ్లపాటు ఒకవైపు రెచ్చగొట్టే ఫోటోలు, మరోవైపు "పెళ్లిదాకా కన్యగానే ఉంటుంది" అన్న ప్రచారం, రెండూ కలిపి అమ్మారు. ఆ ప్రచారం నిజం కాదని, మేనేజర్లూ ప్రెస్ వాళ్లూ తనను అలా చూపించారని 2023లో వచ్చిన ఆత్మకథలో ఆమే రాసుకుంది.

2007లో ఆమె గుండు చేసుకుంది. ప్రపంచమంతా పిచ్చెక్కిందని నవ్వింది. అది తన ఎదురుతిరగడమని ఆమె రాసింది, నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. 2008లో కోర్టు ఆమె డబ్బు, ఆమె జీవితం తండ్రి పెత్తనం కిందికి తెచ్చింది, జుట్టు మళ్లీ పెంచాల్సిందేనని తనకు అర్థమయ్యేలా చేశారని కూడా రాసింది. తన బాగోగులు తాను చూసుకోగలిగే స్థితిలో లేదని చెప్పి పెత్తనం చేసిన ఆ పదమూడేళ్లలోనే ఆల్బమ్‌లు చేయించారు, 2013 నుంచి 2017 దాకా లాస్ వేగస్‌లో షోలు ఆడించారు. 2021 జూన్‌లో ఆమె కోర్టులో నోరు విప్పి చెప్పాక, నవంబర్‌లో కోర్టు ఆ ఏర్పాటును రద్దు చేసింది.

అందుకే నా జవాబు ఇది: ఇమేజ్‌లో నిజం ఉంటుంది, చాలాసార్లు ఆ మనిషి ఇచ్చిన నిజమే ఉంటుంది. మీరు చూడాల్సింది, రేపు దాన్ని మార్చుకోవాలంటే ఆ మనిషి ఎవరి పర్మిషన్ అడగాలి అన్నది. కాంట్రాక్ట్ ఎవరి దగ్గరుంది, పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, యాడ్ డబ్బులు ఎవరి మీదుగా వస్తాయి, అక్కడ వెతకండి.

నేను మానేసిన కొన్నాళ్లకి మా గాయని కూడా ఆ కాంట్రాక్ట్ పూర్తి చేసుకుని బయటికొచ్చి, సొంతంగా యూట్యూబ్ ఛానల్ పెట్టుకుంది. మొదటి వీడియోలో పొట్టి జుట్టే. కింద కామెంట్లలో చాలామంది "అమ్మమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు, ఒక్కొక్కరికీ తనే జవాబిచ్చింది. వాటిలో బోలెడు అక్షరదోషాలు, నేను రాసినప్పుడు ఒక్కటి కూడా ఉండేది కాదు.