చిన్న క్యాబినెట్‌కి 1000 వాట్లు ఎందుకండీ?

ప్రశ్న: కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 క్యాబినెట్‌లో రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు పెట్టి గేమింగ్ పీసీ కట్టుకుంటున్నాను. షాపులో 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) తీసుకోమంటున్నారు. ఇంట్లో పాత పీసీది 550 వాట్లది ఉంది, అది సరిపోదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాతది పక్కన పెట్టేయండి. వాట్ల సంగతి తర్వాత, ముందు అది మామూలు ఏటీఎక్స్ సైజుదైతే అసలు అందులో పట్టదు. దాని వెడల్పే 150 మిల్లీమీటర్లు, ఎన్‌ఆర్200కి కావాల్సింది ఎస్‌ఎఫ్‌ఎక్స్ సైజు: వెడల్పు 125, పొడవు 100, మందం 63.5. ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ కూడా పడుతుంది కానీ అది 30 మిల్లీమీటర్లు పొడవెక్కువ, కేబుళ్లు వంగాల్సింది సరిగ్గా ఆ జాగాలోనే కాబట్టి నేనైతే చిన్నదే తీసుకుంటాను.

1000 వాట్లు మాత్రం డబ్బు దండగే. లెక్క వేసి చూడండి, 4070కి 200 వాట్లు, 7600 ఎంత లాగినా 88, బోర్డు, ఫ్యాన్లు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ అన్నిటికీ ఓ 50 వేసుకున్నా 340 దగ్గర ఆగుతుంది. గేమ్ మధ్యలో కార్డు రెప్పపాటుకన్నా తక్కువ సేపు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, అందుకే ఎన్‌విడియా కూడా ఈ కార్డుకి 650 వాట్లు ఉండాలంటుంది. 80 ప్లస్ గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే గుర్తు), ఏటీఎక్స్ 3.0 (ఇది సైజు కాదు, అలాంటి ఒక్కసారి లాగుళ్లను తట్టుకునే ప్రమాణం) అని ఉన్న 650 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ది తీసుకోండి. రేపు ఇంకా పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 750, అంతే.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు. పిన్ను చక్కగా దూరుతుంది, టక్‌మని కూర్చుంటుంది, కానీ లోపల వైర్ల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. నేను ఒకసారి ఎస్‌ఎస్‌డీకి కరెంటిచ్చే సాటా కేబుల్ అలాగే పెట్టి ఆన్ చేశాను, కాలిన వాసన వచ్చింది, ఎస్‌ఎస్‌డీ పోయింది, అందులోని నాలుగేళ్ల ఫొటోలూ పోయాయి. కొత్తదాంతో వచ్చిన కేబుళ్లే వాడండి. గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లేది 16 పిన్నుల కేబుల్ అయితే పూర్తిగా లోపలికి నొక్కి, పిన్ను దగ్గరే మడవకుండా కాస్త దూరం నుంచి వంచండి.

బిగించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ జాలీ ఉన్న వైపుకే తిరిగి ఉండాలి. అన్నీ అయ్యాక క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జిల్లుమంటుంటే మాత్రం పీసీ ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి, మన పాత ఇళ్లలో చాలాచోట్ల మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరే ఉండదు.