ముందు తెలుగులో అడగండి, తర్వాత క్వెరీ రాయండి

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థినులకు సాయంత్రం పూట డేటాబేస్ పాఠాలు చెబుతున్నాను. ప్రైమరీ కీ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెబుతారు. ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాయమంటే మాత్రం, సెలెక్ట్ తర్వాత ఏమి రాయాలో తోచడం లేదని చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: తోచకపోవడంలో వారి తప్పేమీ లేదు. ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన, డేటాను టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ నమూనా ఆధారంగా, ఐబీఎం పరిశోధకులు డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో ఒక ప్రశ్నల భాషను వెలువరించి దానికి సీక్వెల్ అని పేరు పెట్టారు; మనం నేర్పే ఎస్‌క్యూఎల్ అదే. ఆ పేరులోని ఒక అక్షరం ఇంగ్లిష్ అన్న మాటకే గుర్తు. అందుకే క్వెరీలో 'చూపించు' ముందు వస్తుంది, 'ఎందులోంచి' అన్నది తర్వాత వస్తుంది. మనమైతే 'అమ్మకాల టేబుల్‌లోంచి, తేజ రకం మిర్చి ఉన్న వరుసల్లో, ధర చూపించు' అంటాం. విశేషమేమిటంటే, క్వెరీకి అర్థం చెప్పుకునే క్రమం కూడా మన వాక్యం వరుసలోనే ఉంటుంది: మొదట ఫ్రమ్ (ఎందులోంచి), పిమ్మట వేర్ (ఏ వరుసల్లో), ఆ తర్వాతే సెలెక్ట్ (చూపించు). కనుక నోటుబుక్కులో ముందు తెలుగు వాక్యం రాయించండి. సెలెక్ట్ పక్కన ఖాళీ వదిలి, ఫ్రమ్, వేర్ నింపిన తర్వాతే ఆ ఖాళీని పూరించమనండి.

అయితే టేబుల్‌లో ఏముందో తెలియనివారు ఏ భాషలోనైనా ఏమని అడుగుతారు? మొదటి రోజు క్వెరీల జోలికి పోకుండా డేటాను చూడనివ్వండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, పైగా డేటాబేస్ మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో నకలు ఇవ్వవచ్చు; ఎవరైనా వేర్ మరచిపోయి డిలీట్ కొట్టి వరుసలన్నీ చెరిపేసినా (తప్పక చెరిపేస్తారు) మరో నకలు ఇస్తే సరిపోతుంది. టేబుళ్ల, కాలమ్‌ల పేర్లు తెలుగులో పెట్టినా అది ఒప్పుకుంటుంది. ఆదేశ పదాలు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఏ టేబుళ్లు ఉన్నాయి, ఒక్కోదానిలో ఏ కాలమ్‌లు ఉన్నాయి అని చూశాక, లిమిట్ 10 పెట్టి పది వరుసలు తెరిపించి, ఒక్క వరుసను వాక్యంగా చదివించండి.

డేటా కూడా వారి ఎరుకలోనిదై ఉండాలి. పాఠ్యపుస్తకాల్లోని ఉద్యోగుల టేబుల్ ఎవరికీ పట్టదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతు చేతికి వచ్చే అమ్మకం చీటీని, అంటే తక్‌పట్టీని నమూనాగా తీసుకుని తేదీ, ఊరు, రకం, బస్తాలు, ధర అనే ఐదు కాలమ్‌లతో నలభై కల్పిత వరుసలు తయారు చేయండి. అందులో కొన్ని చిక్కులు మీరే పెట్టండి. ధర కాలమ్‌ను టెక్స్ట్‌గా ప్రకటించి, ఎక్కువ ధర ముందు వచ్చేలా ఆర్డర్ బై చేయించండి. 14200 ఉండగా 9800 పైకి వస్తుంది. కంప్యూటర్ తప్పు చేసిందని ఎవరో ఒకరు అంటారు. అది అంకెలను అక్షరాల్లా ఎడమ నుంచి పోల్చిందని, 1 కంటే 9 పెద్దదని వారే కనిపెట్టేదాకా ఆగండి.

ఊరి వారీగా బస్తాలు కూడమంటే హన్మకొండ ఒక వరుసలో, హనుమకొండ మరో వరుసలో వస్తాయి. మనకు ఊరు ఒకటే, గ్రూప్ బైకి రెండు. ఇక రెండు చోట్ల ధర ఖాళీగా, అంటే నల్‌గా వదిలితే, మొత్తం వరుసలను లెక్కించే కౌంట్ 40 అంటుంది, ధర కాలమ్‌ను లెక్కించే కౌంట్ 38 అంటుంది. ఆ రెండు వరుసలను పట్టుకోవడానికి 'ధర సమానం నల్' అని రాస్తే ఏమీ రాదు. ఈజ్ నల్ అనాలి. నా మటుకు జాయిన్ (టేబుళ్లను కలిపి అడగడం) మొదలుపెట్టే ముందు ఈ నల్ మీద ఒక పూట పూర్తిగా గడిపినా నష్టం లేదనిపిస్తుంది.

ప్రశ్న: ఎస్‌క్యూలైట్‌లో నేర్చుకుని తర్వాత ఒరాకిల్‌కు మారితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?
— ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: అక్కర లేదు. 1986లోనే ఈ భాషకు అమెరికా ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం ఇచ్చింది. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటాయి. టేబుళ్ల జాబితా చూసే పద్ధతి మాత్రం మారుతుంది: ఎస్‌క్యూలైట్‌లో దానికి ప్రత్యేకమైన టేబుల్ ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో షో టేబుల్స్ అనాలి, ఒరాకిల్‌లో యూజర్ టేబుల్స్ అనే వ్యూను అడగాలి. లిమిట్ బదులు ఒరాకిల్‌లో ఫెచ్ ఫస్ట్ వాడతారు. మరొక తేడా జాగ్రత్తగా గమనించండి: ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను (ఒక్క అక్షరమూ లేని టెక్స్ట్‌ను) నల్‌గానే చూస్తుంది, ఎస్‌క్యూలైట్ అలా చూడదు.