బూజు మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరంలో ఉంది. చెక్కను కుళ్లబెట్టే ఫంగస్‌లు ఒకదానితో ఒకటి పోటీపడేటప్పుడు వాటిలో ఏ జన్యువులు పనిచేస్తాయో పరిశోధిస్తానంటోంది. ఈ చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా అని మా టెన్షన్.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: బూజే కదా అని తీసిపారేయకండి. ఒకే దుంగలో రెండు ఫంగస్‌లు చేరితే చోటు కోసం కొట్లాటే. అవి ఎదురుపడిన చోట లాకేస్ అనే ఎంజైమ్ జోరు పెరగడం చాలా జాతుల్లో చూశారు. జీన్స్ బట్టకు వెలిసిన రంగు తెప్పించడానికి వాడేదీ లాకేసే. ఐరోపాలో ఈ కొట్లాటనే మందుగా వాడుతున్నారు. పైన్ చెట్లు నరికిన వెంటనే మొద్దుల మీద ఫ్లెబియాప్సిస్ జైగాంటియా అనే ఫంగస్ బీజాలు చల్లుతారు. అది ముందే పాగా వేస్తే, వేరుకుళ్లు తెచ్చే హెటెరోబాసిడియాన్‌కు చోటు దొరకదు.

అలాగని 'చెక్క ఫంగస్ నిపుణులు కావలెను' అనే ప్రకటన మీకు పేపర్లో కనపడదు. ఉద్యోగం తెచ్చిపెట్టేది అమ్మాయి చేతికొచ్చే పనితనం. ఏ జన్యువు పనిచేస్తోందో చెప్పేది దాని నుంచి తయారయ్యే నకలు, ఆర్‌ఎన్‌ఏ. చెక్క నుంచి శుభ్రమైన ఆర్‌ఎన్‌ఏ తీయడమే ఒక తలనొప్పి, చెక్కలోని ఫినాల్స్ అనే రసాయనాలు అడ్డుపడతాయి. తీశాక చూస్తే అందులో రెండు ఫంగస్‌లదీ కలిసే ఉంటుంది. ఏ ముక్క దేనిదో రెండింటి జీనోమ్‌లతో, అంటే మొత్తం జన్యు సమాచారంతో పోల్చి కంప్యూటర్‌లో విడదీయాలి. ఇది వచ్చినవాళ్లు రేపు వరి తెగులు మీదైనా, క్యాన్సర్ కణాల మీదైనా పనిచేయగలరు.

దారి మాత్రం పొడవే. ఎమ్మెస్సీకి సీయూఈటీ-పీజీ, గాట్-బి, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలు కూడా వస్తాయి, బైపీసీ పిల్లలు అక్కడే జారిపోతారు. తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. అంటే పీహెచ్‌డీకి మీ జేబు నుంచి తీయక్కర్లేదు, కానీ అయిదేళ్లు ఓపిక పట్టాలి. పెళ్లి తొందర ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి, మధ్యలో కాదు.

అడవులు, కలప మీద పనిచేసే కేంద్ర సంస్థలు హైదరాబాద్ దూలపల్లిలో, బెంగళూరులో, డెహ్రాడూన్‌లో ఉన్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అక్కడ అడగొచ్చు.

ఈలోపు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇలాంటి ప్రయోగాల ఆర్‌ఎన్‌ఏ డేటా ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సెలవుల్లో డేటా విశ్లేషణకు వాడే 'ఆర్' అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, ఒక డేటా దించుకుని కుస్తీ పట్టమనండి. రెండు నెలల తర్వాత కూడా ఇదే కావాలంటే, కోచింగ్ ఫీజు కట్టేయండి.