డాక్టర్ సలహా: వెన్నుకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లట.. పొలం అమ్మి వేయించాలా?

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు. ఐదు నెలల కిందట తోతాపురి కాయలు కోస్తూ చెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము దగ్గర ఎల్‌1 ఎముక విరిగితే రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. కాళ్లు లేవడం లేదు. తాకితే తెలుస్తుంది. పది రోజుల నుంచి కుడికాలి బొటనవేలు కొంచెం కదుపుతున్నాడు. యూరిన్ పైపుతోనే పోతోంది. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల క్లినికల్ ట్రయల్ (కొత్త వైద్యాన్ని రోగుల మీద పరీక్షించే పరిశోధన) జరుగుతోందని, నాలుగున్నర లక్షలు కడితే నడుస్తాడని ఒకాయన ఫోన్ చేశాడు. ఉన్న ఎకరం అమ్మి తీసుకెళ్లమంటారా?
- ఓ అక్క, చిత్తూరు జిల్లా

జవాబు: ఎకరం అమ్మకండమ్మా.

ముందు ఆ బొటనవేలి సంగతి చూద్దాం. తమ్ముణ్ని పడుకోబెట్టి, కాలు ముట్టుకోకుండా ‘కదుపు, ఆపు’ అని ఐదారుసార్లు చెప్పి చూడండి. చెప్పినప్పుడే కదిలి, ఆపమంటే ఆగితే అది అతను కావాలని కదిపినట్టే. దానంతటదే ఎగిరిపడితే అది స్పాజమ్, అంటే కండరం తనంతట తాను బిగుసుకోవడం. మొదటిదే అయితే దెబ్బ పూర్తిస్థాయిది కాదన్నమాట. ఇంకో మంచి విషయం కూడా ఉంది. వెన్నుపాము దాదాపు ఎల్‌1 దగ్గరే ముగిసి, కింద నరాల కుచ్చుగా మారుతుంది. వెన్నుపాముతో పోలిస్తే ఆ నరాలు కోలుకునే అవకాశం ఎక్కువ. కోలుకోవడం మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఎక్కువగా ఉంటుంది, ఏడాదిన్నర దాకా కొద్దికొద్దిగా సాగుతుంది.

ఇప్పుడొకటి ఆలోచించండి. ఆ వేలు ఏ ఇంజెక్షనూ లేకుండానే కదిలింది కదా! అదే పోయిన నెల డబ్బు కట్టి ఇంజెక్షన్ వేయించి ఉంటే? ఊరంతా ‘ఇంజెక్షన్ పనిచేసింది’ అనేవాళ్లు. ఆ ఫోన్ చేసినాయన మీ తమ్ముడి వీడియో తీసి ఇంకో అక్కకు పంపేవాడు. అందుకే అసలైన పరిశోధనలో రోగులను రెండు గుంపులు చేసి, కొత్త వైద్యం ఒక గుంపుకే ఇచ్చి, రెండింటినీ పోల్చి చూస్తారు.

మన దేశంలో స్టెమ్ సెల్స్‌ను వైద్యంగా వాడటానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు ఒప్పుకొన్నది రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకే. వెన్నుపాము దెబ్బకు వాడాలంటే ట్రయల్‌లోనే వాడాలి, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆయన మళ్లీ ఫోన్ చేస్తే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. 2009 నుంచి ప్రతి ట్రయల్‌నూ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. తెలుగులో రాసిన అంగీకార పత్రం, ట్రయల్లో రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా అడగండి. చాలాసార్లు ఫోన్ అక్కడే కట్ అవుతుంది.

పరిశోధన అంతా మోసమని కాదు నా ఉద్దేశం. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 60 మందికి చర్మం మీద నుంచే కరెంటు ప్రేరణ ఇస్తూ వ్యాయామం చేయిస్తే 72 శాతం మందికి చేతుల బలం, పనితీరు మెరుగయ్యాయని 2024లో ఫలితాలు వచ్చాయి. అయితే అది చేతుల కోసం, మీ తమ్ముడి అవసరం వేరు. నడక విషయంలో నాకు ఇష్టమైన పరిశోధన 2006 నాటిది. అమెరికా, కెనడాల్లో వెన్నుపాము దెబ్బతిన్న 146 మందిలో కొందరిని బెల్టులతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద, మిగతావాళ్లను మామూలు నేల మీద నడిపించారు. చివరికి రెండు గుంపుల నడకలో తేడా రాలేదు. ఖరీదైన యంత్రం లేదని దిగులొద్దు. ప్యారలల్ బార్స్ (పట్టుకుని నడిచే జంట కడ్డీలు), కాలిపర్లు (కాలికి ఆసరాగా కట్టే పరికరాలు), రోజూ ఓపిగ్గా చేయించే ఫిజియో ఉంటే చాలు.

ఊళ్లో ఎవరో పుత్తూరు కట్టు మాట కూడా ఎత్తే ఉంటారు. చెయ్యో కాలో విరిగితే మన వాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే, కాదనను. రాడ్లు వేసిన వెన్నుకు మాత్రం కట్టూ వద్దు, మర్దనా వద్దు. వేడి నూనె, ఇసుక కాపడం అసలే వద్దు. తాకితే తెలిసినా, కాలితే అతనికి సరిగా తెలియకపోవచ్చు.

నాకు టెన్షన్ పెట్టింది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన యూరిన్ పైపు. ఐదు నెలలు పైపు అలాగే ఉంటే ఇన్ఫెక్షన్లు, రాళ్లు వస్తాయి. దాని బదులు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి పైపు పెట్టి ఖాళీ చేసి తీసేసే పద్ధతి ఉంది. చేతులు బాగున్నాయి కాబట్టి తనే నేర్చుకోవచ్చు. ఇక రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. స్నానమప్పుడు పిరుదుల మధ్య ఎముక మీద, మడమల మీద చూడండి. ఎర్రమచ్చ వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఆ వైపు బరువు పడనివ్వకండి.

తిరుపతిలో టీటీడీ వాళ్ల ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే. అక్కడ పునరావాస విభాగాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినావిడ. వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు. ఇది మీ తమ్ముడికి చెప్పండి, వింటాడు.

ఎక్కడికి వెళ్లినా డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్‌ఐ ఫిల్ములు పట్టుకెళ్లండి. పైపు మార్చి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ఈ రోజే ఆ తేదీ చూడండి.