నైజీరియా నుంచి గుణుపురం వచ్చిన 12 రోజులకు చలిజ్వరం, కిట్ టెస్ట్ నెగెటివ్: ఇప్పుడేం చేయాలి?

మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్రలు విమానం ఎక్కిన రోజే ఆపేశానని మీ ప్రశ్నలో చెప్పారు కదా, అనుమానం అక్కడే. మలేరియా ప్రాంతం వదిలాక కూడా దాన్ని 4 వారాలు వేసుకోవాలి. దోమ కుట్టిన వారం తర్వాత కూడా జ్వరం బయటపడవచ్చు.

1. ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి, రేపటికి వాయిదా వద్దు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకమైతే ఒకటి రెండు రోజుల్లోనే ముదురుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఒక్క నెగెటివ్‌తో ఆగిపోవడం. ఆశా దీదీ కిట్ మంచిదే, కానీ పరాన్నజీవులు తక్కువగా ఉంటే దొరకవు. రక్తం స్లైడు (రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) కూడా అడగండి. నెగెటివ్ వస్తే 12-24 గంటలకోసారి, మొత్తం మూడుసార్లు చేయించండి.

3. "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని మీరే ముందు చెప్పండి. గుణుపురం ఉన్న ఒడిశా రాయగడ జిల్లాలో మలేరియా మామూలే కాబట్టి ఎవరూ అడగరు. ఆఫ్రికాలో ఉండే ఓవేల్ అనే మలేరియా రకానికి మందు వేరేగా ఉంటుంది.

4. మిగిలిన డాక్సీ మాత్రలు ఇప్పుడు మింగొద్దు. నివారణ మోతాదు వైద్యం కాదు.

"చిన్నప్పుడే వచ్చింది, మనకేం కాదు" అనే మాట మా ఇంట్లోనూ వినబడుతుంది. చిన్నప్పటి మలేరియా వల్ల వచ్చిన రక్షణ కొన్నాళ్లకు తగ్గిపోతుంది.

కళ్లు పచ్చబడినా, మాట తడబడినా, మూత్రం నల్లబడినా నేరుగా ఎమర్జెన్సీకే.